ఉద్యోగ వేటలో పరిచయాలు: ఎవరిని పలకరించాలి, ఏం అడగాలి, ఎలా నిలుపుకోవాలి

“పరిచయాలున్నవాళ్లకే ఉద్యోగాలు” అనే మాట ఎప్పుడు విన్నా నిట్టూర్పుతోనే వినిపిస్తుంది. అందులో కొంత నిజం ఉంది, కొంత అపార్థం కూడా ఉంది. పైరవీ వేరు, పరిచయం వేరు. పైరవీ అర్హత లేనివాణ్ని కూడా దొడ్డిదారిన లోపలికి తోస్తుంది. పరిచయం చేసేది అంతకన్నా చాలా చిన్న పని. ఫలానా చోట ఖాళీ రాబోతోందని మీకు కాస్త ముందు తెలుస్తుంది, ఫలానా మనిషి ఉన్నారని అవతలివాళ్లకు తెలుస్తుంది. ఆ తర్వాత ఇంటర్వ్యూలో నెగ్గాల్సింది మీరే.

మనిషిని తీసుకునేవాళ్ల కుర్చీలో కూర్చుని చూడండి. ఒక పోస్టు ప్రకటిస్తే దరఖాస్తులు కుప్పలుగా వచ్చి పడతాయి. రెజ్యూమెలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అందరూ కష్టపడేవాళ్లే, అందరూ టీమ్ ప్లేయర్లే. పొరపాటున సరిపడని మనిషిని తీసుకుంటే నెలల తరబడి తలనొప్పి. అలాంటప్పుడు టీమ్‌లో ఒకరు “ఈ అమ్మాయితో నేను పనిచేశాను, చెప్పిన టైముకి పని అప్పగిస్తుంది” అంటే ఆ రెజ్యూమెను ఎవరో ఒకరు ఆగి చదువుతారు. ఎంపిక కాలేదు, చదివారు, అంతే. కానీ చాలామంది దరఖాస్తులు ఆ చదివే దశ దాకా కూడా వెళ్లవు.

నన్నడిగితే దీనంతటికీ కీలకం ఒక్కటే. ఉద్యోగం ఇప్పించమని అడిగితే మనిషి తప్పుకుంటాడు, తనకు తెలిసింది చెప్పమని అడిగితే కూర్చోబెట్టి చెబుతాడు. కింద చెప్పే అడుగులన్నీ దీన్ని ఆచరణలో పెట్టడం గురించే.

దగ్గరివాళ్లకన్నా ముఖపరిచయస్తులే ఎక్కువ అక్కరకొస్తారు

ఉద్యోగం పోగానే ముందుగా ఇంట్లోవాళ్లకు, ప్రాణస్నేహితులకు చెబుతాం. వాళ్లు మన కోసం ఎంతైనా చేస్తారు, సందేహం లేదు. చిక్కేమిటంటే వాళ్లకు తెలిసినవాళ్లు దాదాపు మనకూ తెలిసినవాళ్లే. వాళ్ల చెవిన పడే కబురు మన చెవినా పడే ఉంటుంది.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ ఈ విషయాన్ని లెక్కలతో చూపించారు. బోస్టన్ శివారు పట్టణం ఒకదానిలో కొత్తగా ఉద్యోగం మారిన వృత్తి నిపుణులను, మేనేజర్లను కలిసి, మీకు ఆ ఉద్యోగం సంగతి చెప్పిన మనిషిని ఆ రోజుల్లో ఎంత తరచుగా కలిసేవారు అని అడిగారు. 1973లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో 16.7 శాతం మందికే తరచుగా, అంటే వారానికి కనీసం రెండుసార్లు కలిసేవాళ్ల ద్వారా కబురు అందింది. 55.6 శాతం మందికి అప్పుడప్పుడూ కలిసేవాళ్ల ద్వారా, 27.8 శాతం మందికి ఏడాదికి ఒకసారో అంతకన్నా తక్కువగానో కలిసేవాళ్ల ద్వారా అందింది. అది చిన్న సర్వే. అయితే 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం లింక్డ్‌ఇన్‌లో సుమారు 2 కోట్ల మంది మీద అయిదేళ్లలో జరిగిన ప్రయోగాలను పరిశీలించి దాదాపు అదే దిశలో తేల్చింది, ఒక సవరణతో. బొత్తిగా తెలియనివాళ్లూ కాదు, మరీ దగ్గరివాళ్లూ కాదు, ఆ మధ్యనుండే ఓ మోస్తరు పరిచయస్తులే ఉద్యోగం మారడానికి ఎక్కువగా తోడ్పడ్డారట.

కాబట్టి మీరు వెతకాల్సింది ఆ మధ్య వరుసలో. పాత ఆఫీసులో పక్క టీమ్‌వాళ్లు, ట్రైనింగ్‌లో వెనక బెంచీలో కూర్చున్నవాళ్లు, మీ కంపెనీకి సరుకో సర్వీసో అందించే సంస్థల్లో ఫోన్ ఎత్తేవాళ్లు, అలాంటివాళ్లు.

మొదటి అడుగు: మీకేం కావాలో మూడు వాక్యాల్లో రాసుకోండి

“ఏదైనా ఉద్యోగం ఉంటే చెప్పండి” అన్నంత వృథా మాట ఇంకోటి లేదు. వినేవాళ్లు “తప్పకుండా” అంటారు, అయిదు నిమిషాల్లో మర్చిపోతారు. వాళ్ల తప్పేం లేదు. ‘ఏదైనా’ అన్న మాటను ఎవరికి చెప్పాలి, ఏ ప్రకటన చూసినప్పుడు మీరు గుర్తుకురావాలి?

అవతలి మనిషి మీ మాటలను యథాతథంగా ఇంకొకరికి చెప్పగలగాలి. అదే కొలత. ఉదాహరణకు ఇలా: “నాలుగేళ్లు కస్టమర్ సపోర్ట్‌లో చేశాను. కస్టమర్ చెప్పిన సమస్యను మళ్లీ తెప్పించి చూసి, డెవలపర్లకు అర్థమయ్యేలా బగ్ రిపోర్ట్ రాయడం నాకు బాగా వచ్చిన పని. ఇప్పుడు చిన్న, మధ్య స్థాయి సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెస్టింగ్ ఉద్యోగం చూస్తున్నాను.”

ఏం చేశారు, ఏది బాగా వచ్చు, ఎలాంటి చోట ఏ పని కావాలి. ఇంతకుమించి అక్కర్లేదు. మరీ ఇరుకు చేసుకుంటే అవకాశాలు తగ్గిపోతాయేమోనని భయపడేవాళ్లుంటారు. జరిగేది దానికి రివర్స్. స్పష్టంగా చెప్పిన మనిషికే “సరిగ్గా అది కాదు గానీ, దగ్గరగా ఇంకోటుంది” అనే కబురు వస్తుంది. రెండు రకాల ఉద్యోగాలు చూస్తుంటే రెండు వేర్వేరు ముక్కలు రాసుకోండి. ఒక్కొక్కరికి ఒక్కటే చెప్పండి.

రెండో అడుగు: జాబితా

ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి, లేదా నోటుబుక్కు తీసుకోండి. పేరు, ఎలా పరిచయం, ఇప్పుడెక్కడున్నారు, చివరిసారి ఎప్పుడు మాట్లాడారు, ఏం మాట్లాడారు, తర్వాత ఏం చేయాలి. ఇవే గడులు. చివరిది ఖాళీగా ఉండకూడదు. చాలామంది ఉద్యోగ వేట తడబడేది ఈ గడి దగ్గరే. మాట్లాడతారు, అవతలివాళ్లు “రెండు వారాలాగి గుర్తుచేయండి” అంటారు, ఆ రెండు వారాలు ఎప్పుడు దాటిపోయాయో తెలియదు.

జాబితాలోకి మామూలుగా గుర్తుకురాని కొందరిని కావాలని చేర్చండి. మీతో పాటే ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లు. చదువు చెప్పిన మాస్టార్లు, ముఖ్యంగా పరిశ్రమతో సంబంధాలున్నవాళ్లు. చివరి రౌండు దాకా వెళ్లి ఎంపిక కాని చోట మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసిన మనిషి. ఈ ఆఖరివాళ్లను దాదాపు ఎవరూ పలకరించరు. కానీ మీ పని గురించి గంటసేపు ప్రశ్నలడిగి, దాదాపు ఒప్పుకుని, చివరికి వేరొకరిని తీసుకున్న మనిషికి మీ సామర్థ్యం బాగానే తెలుసు. ఎంపికైనవాళ్లు చేరకపోవచ్చు, ఆర్నెల్లలో ఇంకో పోస్టు రావచ్చు.

ఎన్నాళ్లుగానో మాట్లాడని పాత పరిచయాలను ఎలా కదిలించాలా అన్న మొహమాటం అందరికీ ఉంటుంది. డేనియల్ లెవిన్, జోర్జ్ వాల్టర్, కీత్ మర్నిగన్ అనే పరిశోధకులు ఎగ్జిక్యూటివ్‌లతో సరిగ్గా ఈ పనే చేయించారు. ఏళ్ల తరబడి మాటల్లేని పాత సహోద్యోగులను పలకరించి, తమ పనిలో ఒక సమస్య మీద సలహా అడగమన్నారు. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ సలహాలు చాలా పనికొచ్చాయి, వాటిలో కొత్తదనం ఎక్కువ. కారణం ఊహించుకోవచ్చు. ఒకప్పటి నమ్మకం అలాగే ఉంటుంది, ఈలోగా ఆ మనిషి మీరు చూడని చోట్లన్నీ తిరిగొచ్చి ఉంటారు. “ఇన్నేళ్ల తర్వాత అవసరానికి గుర్తొచ్చానా” అని వాళ్లు అనుకుంటారేమోనన్న భయం మనకే ఎక్కువ. చాలాసార్లు వాళ్లూ పలకరిద్దామా వద్దా అని ఊగిసలాడుతూనే ఉండి ఉంటారు.

మూడో అడుగు: మొదటి మెసేజ్

ఇక్కడ కాస్త ఆగాలి. ఎక్కువ అవకాశాలు చెడిపోయేది ఇక్కడే. రోజూ జనాల ఇన్‌బాక్సుల్లోకి వచ్చే మెసేజ్ ఇలా ఉంటుంది:

“హాయ్ సార్, ఎలా ఉన్నారు? నాకు అర్జెంటుగా జాబ్ కావాలి సార్. మీ కంపెనీలో ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే రిఫర్ చేయండి ప్లీజ్. రెజ్యూమె పంపుతున్నాను.”

దీనికి జవాబు రాయాలంటే ఆ సార్ ఎంత పని చేయాలో చూడండి. రెజ్యూమె తెరవాలి, మీరేం చేస్తారో అర్థం చేసుకోవాలి, తమ కంపెనీ సైట్‌కి వెళ్లి ఖాళీలు వెతకాలి, అందులో మీకు నప్పేదేదో తేల్చాలి. ఇదంతా తనకు పరిచయం లేని మనిషి కోసం. అందుకే చూసి వదిలేస్తారు. పొగరని మనం అనుకుంటాం.

ఇప్పుడు ఇది చూడండి:

“నమస్కారం మేడమ్. పాత కంపెనీలో నేను సపోర్ట్ టీమ్‌లో ఉండేదాన్ని, బిల్లింగ్ మాడ్యూల్ రిలీజ్ అప్పుడు మీకు బగ్ రిపోర్టులు పంపేదాన్ని. మీరిప్పుడు టెస్టింగ్ టీమ్‌ను నడుపుతున్నారని లింక్డ్‌ఇన్‌లో చూశాను. నేనూ సపోర్ట్ నుంచి టెస్టింగ్‌కి మారాలనుకుంటున్నాను. ముందు మాన్యువల్ టెస్టింగ్‌లో చేయి తిరగాలా, మొదటి నుంచే ఆటోమేషన్ నేర్చుకోవాలా అన్నది నాకు తేలడం లేదు. వచ్చే వారం మీకు వీలైన ఏ రోజైనా ఒక 15 నిమిషాలు ఫోన్‌లో మాట్లాడొచ్చా? వీలు కాకపోతే పర్వాలేదు మేడమ్, ఇక్కడే రెండు మాటలు రాసినా చాలు.”

ఉద్యోగం ఊసే లేదు. ఎవరో, ఎలా తెలుసో మొదటి వాక్యంలోనే ఉంది, కాబట్టి ఆవిడ జ్ఞాపకాలు తవ్వుకోనక్కర్లేదు. ‘బగ్ రిపోర్టులు పంపేదాన్ని’ అనడంలో తన పని నమూనా కూడా గుర్తుచేసింది. ఆవిడనే ఎందుకు అడుగుతోందో చెప్పింది. ప్రశ్న ఒకటే, అదీ ఆవిడ ఆలోచించకుండానే జవాబు చెప్పగలిగేది. ఎంతసేపో చెప్పింది. చివర్లో కాదనడానికి దారి ఇచ్చింది. ఆ దారి ఉండబట్టే చాలామంది కాదనరు.

కొన్ని చిన్న విషయాలు. ఉత్త ‘హాయ్’ పంపి జవాబు కోసం ఎదురుచూడకండి. అడగదలచింది మొదటి మెసేజ్‌లోనే అడిగేయండి. ఫోన్ తెరను కిందికి జరపకుండా చదవగలిగేంత నిడివి చాలు. అడగకుండా రెజ్యూమె అతికించకండి, వాయిస్ మెసేజ్ అసలు వద్దు. ఒకే మెసేజ్‌ను పేరు మార్చి పదిమందికి పంపితే తెలిసిపోతుంది. ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లు ఒకరికొకరు చూపించుకుంటారు కూడా. బొత్తిగా పరిచయం లేనివాళ్లకు రాస్తున్నప్పుడు ‘ఎలా తెలుసు’ అన్న వాక్యం స్థానంలో వాళ్లు రాసిన దాన్నో, ఇచ్చిన ప్రసంగాన్నో, చేసిన ప్రాజెక్టునో నిజంగా చూసి ఒక మాట రాయండి. “మీ ప్రొఫైల్ చాలా ఇన్‌స్పైరింగ్‌గా ఉంది” అన్నది ఎవరికైనా రాయొచ్చు, అందుకే అది ఎవరికీ ఆనదు.

అడగడానికి జంకేవాళ్ల కోసం ఒక సంగతి. 2008లో ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెసా లేక్ ప్రచురించిన ప్రయోగాల్లో, ముక్కూమొహం తెలియనివాళ్లచేత కొన్ని ప్రశ్నపత్రాలు నింపించుకు రమ్మని విద్యార్థులను పంపారు. ఎంతమందిని అడగాల్సి వస్తుందో ముందే అంచనా వేయమంటే, నిజంగా అవసరమైనదానికి దాదాపు రెట్టింపు చెప్పారు. సాయం చేసేవాళ్లు మనం అనుకున్నదానికన్నా ఎక్కువమందే ఉంటారన్నమాట. అయితే అది ఎదురుగా నిలబడి అడిగినప్పటి మాట. 2017లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, అపరిచితులను ముఖాముఖి అడిగిన కోరిక ఈమెయిల్‌లో అడిగినదానికన్నా 34 రెట్లు ఎక్కువ ఫలించింది. అందుకే మెసేజ్‌ను మాట్లాడే అవకాశం సంపాదించుకోవడానికి మాత్రమే వాడండి. పని అంతా మెసేజ్‌తోనే కానివ్వాలని చూడకండి.

జవాబు రాకపోతే వారం, పది రోజులాగి ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి. అప్పటికీ లేకపోతే వదిలేయండి. ‘సీన్’ అని కనిపిస్తోందని మనసు పాడుచేసుకోవడం శుద్ధ దండగ.

నాలుగో అడుగు: ఆ పదిహేను నిమిషాలు

ఫోన్ చేసే ముందు ఆ మనిషి గురించి బయట దొరికేదంతా చదివేయండి. వెతికితే తెలిసే విషయాన్ని అడిగి వాళ్ల సమయం ఖర్చు చేయకండి. లోపలివాళ్లకు మాత్రమే తెలిసేవి అడగండి. కొత్తగా చేరినవాళ్లు ఎక్కడ తడబడతారు, రెజ్యూమెలో ఏది చూసి పక్కన పెట్టేస్తారు, ఏ నైపుణ్యం గురించి బయట ఊదరగొడతారు గానీ లోపల పెద్దగా వాడరు, ఈ పనిలో విసుగు పుట్టించేదేమిటి. చివరి ప్రశ్నకు వచ్చే జవాబులు చాలా నిజాయితీగా ఉంటాయి.

పైన చెప్పిన మెసేజ్ పంపిన అమ్మాయికి ఆ ఫోన్ కాల్ దొరికిందనుకోండి. బాగా సాగితే ఇలా ఉంటుంది:

“మీ టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదటి రెండు మూడు నెలల్లో ఎక్కడ తడబడుతున్నారు మేడమ్?”

“టూల్స్ దగ్గర కాదమ్మా. ఏది ముందు టెస్ట్ చేయాలో తేల్చుకోలేరు. రిలీజ్‌కి రెండు రోజులే ఉన్నా అన్నీ మొదట్నుంచి మొదలుపెడతారు.”

“అంటే కస్టమర్‌కి ఎక్కువ ఇబ్బంది పెట్టేది ముందు చూడాలంటారు. సపోర్ట్‌లో మాకు రోజూ అదే గొడవ. వంద టికెట్లు, అంటే కస్టమర్ల ఫిర్యాదులు, వస్తే ఏ పది ముందు చూడాలన్నదే.”

“అదే నేను చెప్పేది. మరి ఆ సంగతి మీ రెజ్యూమెలో రాశారా?”

రాయలేదు. చాలామంది రాయరు. తమ అనుభవంలో అవతలివాళ్లకు విలువైనదేదో బయటినుంచి చూస్తే తెలియదు. ఆ ఒక్క జవాబుతో రెజ్యూమెలో మొదటి లైను మారిపోతుంది. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఒక కథ దొరుకుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ మేడమ్‌కు ఈ అమ్మాయి ఎలా ఆలోచిస్తుందో తెలిసింది. తన టీమ్‌లో ఖాళీ వస్తే ఎవరూ చెప్పకుండానే గుర్తొస్తుంది.

మీరు మాట్లాడేది తక్కువ, వినేది ఎక్కువ ఉండాలి. నోట్స్ రాసుకోండి, రాసుకుంటున్నానని చెప్పండి. పాత బాస్ గురించి చెడుగా మాట్లాడకండి, ఎంత నిజమైనా సరే. వింటున్న మనిషి రేపు తన గురించి కూడా ఇలాగే చెబుతారనుకుంటారు. వాళ్ల జీతం ఎంతని అడగకండి. “ఈ అనుభవంతో మార్కెట్‌లో ఎంత ఆశించొచ్చు” అంటే చెబుతారు.

పదిహేను నిమిషాలు అడిగితే పద్నాలుగో నిమిషంలో “మీ టైమ్ అయిపోవస్తోంది మేడమ్” అనండి. ఇంకాసేపు మాట్లాడాలనుకుంటే వాళ్లే అంటారు. ముగించే ముందు వేయాల్సిన ప్రశ్న ఒకటుంది: “ఈ విషయం మీద నేను ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుందంటారు?” ఒక పేరు వస్తే “మీరు చెప్పారని చెప్పొచ్చా?” అని అనుమతి తీసుకోండి. జాబితా పెరిగేది ఇలాగే. అపరిచితుడికి మెసేజ్ పెట్టడానికీ, “ఫలానా మేడమ్ మీతో మాట్లాడమన్నారు” అని మెసేజ్ పెట్టడానికీ చాలా తేడా ఉంది.

వ్యక్తిగతంగా కలవాల్సి వస్తే ఆఫీసులోనో, నలుగురూ మసలే చోటనో, పగటిపూట కలవండి. ఉద్యోగం ఆశ చూపించి అసౌకర్యమైన చోటికి రమ్మనేవాళ్లు ఉంటారు. వీడియో కాల్ చాలని చెప్పడానికి సంకోచించక్కర్లేదు.

అయిదో అడుగు: తర్వాత ఏం చేశారో చెప్పడం

థాంక్యూ మెసేజ్ ఆ రోజో మర్నాడో పంపాలని అందరికీ తెలుసు. అసలు బంధం కుదిరేది రెండో మెసేజ్‌తో. మూడు నాలుగు వారాలాగి రాస్తారే, అది. “మేడమ్, మీరన్నట్టు రెజ్యూమె పైభాగం మార్చాను, టికెట్లను ప్రాధాన్యం ప్రకారం విడదీసే పని మొదట్లో రాశాను. ఆ తర్వాత రెండు చోట్ల నుంచి కాల్ వచ్చింది. ఒకచోట మొదటి రౌండ్ అయింది.”

ఇందులో కొత్త కోరిక ఏమీ లేదని గమనించండి. తను చెప్పింది ఎవరో విని, చేసి, ఫలితం కూడా చెప్పడం సలహా ఇచ్చేవాళ్లకు ఎంత అరుదుగా ఎదురవుతుందో! ఇలా రాసినవాళ్లు ఏడాది తర్వాత కూడా గుర్తుంటారు. సలహా మీకు పని చేయకపోతే ఆ సంగతీ చెప్పొచ్చు, కారణంతో సహా.

ఆ తర్వాత పండక్కో పబ్బానికో ఫార్వర్డ్ మెసేజ్‌లు పంపి పరిచయం నిలబెట్టుకుందామనుకోకండి. వాళ్ల పనికి సంబంధించిన వార్త కనబడితే ఒక వాక్యం వ్యాఖ్యతో పంపండి. వాళ్లు ఉద్యోగం మారితే అభినందించండి. వాళ్ల టీమ్ మనుషుల కోసం వెతుకుతుంటే ఆ ప్రకటన మీ గ్రూపుల్లో పంచండి. ఏడాదికి రెండు మూడుసార్లు చాలు.

ఆరో అడుగు: రిఫరల్ అడగడం

ఇప్పుడు నేరుగా అడిగే వంతు. నిర్దిష్టమైన పోస్టు కనబడినప్పుడే అడగండి, ముందు కాదు.

రిఫరల్ అంటే కంపెనీలో పనిచేసేవాళ్లు మీ పేరు లోపలికి సూచించడం. అది లోపల ఎలా నడుస్తుందో తెలిస్తే అడగడం తేలిక. చాలా కంపెనీల్లో ఉద్యోగి తన లాగిన్‌తో అభ్యర్థి వివరాలు ఎక్కిస్తారు, లేదా మీకు ఒక లింకు పంపుతారు. ఆ లింకు ద్వారా దరఖాస్తు చేస్తేనే అది రిఫరల్ కింద నమోదవుతుంది. మీరు ముందే సైట్‌లో దరఖాస్తు చేసేస్తే కొన్నిచోట్ల ఆ పేరుకు ఇక రిఫరల్ కుదరదు. కాబట్టి తెలిసినవాళ్లున్న కంపెనీలో ముందు మాట్లాడి, తర్వాత దరఖాస్తు చేయండి. కొన్ని కంపెనీలు రిఫర్ చేసినవాళ్లకు బోనస్ కూడా ఇస్తాయి, సాధారణంగా కొత్త మనిషి చేరి కొన్ని నెలలు నిలిచాక. అందువల్ల మీరు అడగడం వాళ్లకు భారమే అనుకోనక్కర్లేదు. అలాగని తేలిగ్గా కూడా తీసుకోకండి. మీరు ఇంటర్వ్యూకి వెళ్లకుండా ముఖం చాటేస్తే చెడేది వాళ్ల పేరు.

రిఫరల్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి, రెజ్యూమెను లోపలికి పంపడం. రెండోది, “ఈమెతో పనిచేశాను, నాదీ పూచీ” అని హైరింగ్ మేనేజర్‌తో మాట్లాడటం. మీ పని తెలియని మనిషిని రెండోది అడిగితే ఇరుకున పడతారు. తెలిసినవాళ్లను మొదటిది మాత్రమే అడిగి ఊరుకుంటే మీరే నష్టపోతారు. ఏది అడుగుతున్నారో మీ మాటల్లోనే తెలియాలి: “నా పని మీకు నేరుగా తెలియదు కాబట్టి, రెజ్యూమె సిస్టమ్‌లో పెట్టగలిగితే చాలు” అనో, “బిల్లింగ్ ప్రాజెక్టులో నా పని చూశారు కదా, మేనేజర్‌కు ఒక మాట చెప్పగలరా” అనో.

అడిగేటప్పుడు ఈ నాలుగూ ఒకే మెయిల్‌లో ఉంచండి: పోస్టు పేరు, జాబ్ ఐడీ లేదా లింకు, రెజ్యూమె, వాళ్లు కాపీ చేసి పంపుకోగలిగే మూడు నాలుగు వాక్యాలు. ఆ వాక్యాలు వాళ్లు రాస్తున్నట్టు రాయాలి. “మా పాత సంస్థ సపోర్ట్ టీమ్‌లో నాలుగేళ్లు పనిచేశారు. రిలీజ్ సమయాల్లో ఈమె పంపిన బగ్ రిపోర్టులు అందుకున్నది నేనే, తిరిగి ప్రశ్న అడగాల్సిన అవసరం దాదాపు వచ్చేది కాదు” లాంటివి. పొగడ్తలు వద్దు, జరిగింది రాయండి. ఎదుటివాళ్లు తమకు తోచినట్టు మార్చుకుంటారు. రెజ్యూమె ఫైలుకు మీ పేరు పెట్టండి, ‘ఫైనల్ న్యూ 3’ అని కాదు.

ఒకే కంపెనీలో ఇద్దరు తెలిసినవాళ్లుంటే ఒకే పోస్టుకు ఇద్దరినీ విడివిడిగా అడగకండి. ఆ సంగతి బయటపడితే ఇద్దరికీ మీ మీద గురి పోతుంది. మీ పని ఎవరికి బాగా తెలుసో వాళ్లతో రిఫర్ చేయించుకోండి, రెండోవాళ్లను ఆ టీమ్ గురించి అడిగి తెలుసుకోండి. ఇంటర్వ్యూ తేదీ, ఫలితం రిఫర్ చేసినవాళ్లకు ఎప్పటికప్పుడు చెబుతుండండి. “ఏమైంది?” అని వాళ్లే అడిగే దాకా ఉంచకూడదు.

డబ్బు తీసుకుని రిఫరల్ ఇస్తామనేవాళ్లకు పైసా ఇవ్వకండి. రిజిస్ట్రేషన్ అన్నా, డాక్యుమెంట్ వెరిఫికేషన్ అన్నా, ట్రైనింగ్ కిట్ అన్నా మోసమే అనుకుని పక్కకు తప్పుకోండి.

ఎవరూ తెలియనివాళ్లు, నలుగురిలో కలవలేనివాళ్లు

పరిచయాల మీద నడిచే వ్యవస్థలో అన్యాయం ఉంది, అది ఒప్పుకోవాలి. ఇంట్లో మొదటిసారి ఆఫీసు ఉద్యోగానికి వెళ్లే మనిషికి జాబితాలో రాసుకోవడానికి పేర్లే ఉండకపోవచ్చు. వాళ్లు పని కనబడే చోటు నుంచి మొదలుపెట్టాలి. మీ రంగంవాళ్లు ప్రశ్నలు అడుక్కునే ఆన్‌లైన్ గ్రూపు ఒకటి ఎంచుకోండి. వారానికి ఒకటి రెండు ప్రశ్నలకు ఓపిగ్గా, స్వయంగా చేసి చూసి జవాబు రాయండి. అందరూ వాడే ఏదో ఓపెన్ సోర్స్ టూల్‌లో (దాని కోడ్ ఎవరైనా చూసి మార్పులు సూచించగలిగేది) సూచనలు అర్థం కాకుండా ఉంటే, వాటిని సరిచేసి, కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో పంపండి. ఒక సదస్సుకు వెళ్తే అక్కడ విన్నవాటిని ఒక పేజీ నోట్స్‌గా రాసి, మాట్లాడినవాళ్లకు పంపండి. తమ ప్రసంగాన్ని అంత శ్రద్ధగా విన్న మనిషిని ఎవరూ మర్చిపోరు. ‘నా దగ్గర ఇవ్వడానికి ఏముంది’ అనుకునే ఫ్రెషర్ల దగ్గర సీనియర్ల దగ్గర లేనిదొకటి పుష్కలంగా ఉంటుంది, సమయం.

సభల్లో, మీటప్‌లలో మూలన నిలబడిపోయేవాళ్లు కాస్త ముందుగా వెళ్లండి. హాలు నిండాక గుంపుల్లోకి చొరబడటం కష్టం, ముగ్గురో నలుగురో ఉన్నప్పుడు మాట కలపడం సులువు. ఇంకా మంచిది, నిర్వాహకులకు ముందే రాసి రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర వాలంటీర్‌గా నిలబడటం. వచ్చే ప్రతి ఒక్కరూ మీ దగ్గరికే వస్తారు, ఏం మాట్లాడాలో వెతుక్కోనక్కర్లేదు. ఇద్దరితో సరిగ్గా మాట్లాడితే ఆ రోజుకు చాలు. మర్నాడు వాళ్లకు మెసేజ్ పెట్టకపోతే మాత్రం వెళ్లినా వెళ్లనట్టే.

ఉద్యోగంలో ఉంటూ వెతికేవాళ్లకు

మాట బయటికి పొక్కకుండా చూసుకోవాలి. లింక్డ్‌ఇన్‌లో ‘ఓపెన్ టు వర్క్’ (ఉద్యోగం చూస్తున్నానని తెలిపే గుర్తు) పెట్టేటప్పుడు అందరికీ కనిపించాలా, రిక్రూటర్లకు మాత్రమేనా అని అడుగుతుంది. రెండోది ఎంచుకుంటే మీ ప్రస్తుత కంపెనీ రిక్రూటర్లకు కనబడకుండా చూసే ప్రయత్నం చేస్తుంది గానీ, పూర్తి గోప్యతకు హామీ ఇవ్వదు. ఆఫీసు మెయిల్, ఆఫీసు ల్యాప్‌టాప్ ఈ పనికి వాడకండి. మాట్లాడే ప్రతివారికీ “మా ఆఫీసులో ఇంకా తెలియదు” అని ముందే చెప్పండి.

ఉద్యోగం పోయి వెతుకుతుంటే దాచకండి. “మా టీమ్‌ను తీసేశారు, ఈ నెల నుంచి వెతుకుతున్నాను” అని మామూలుగా చెప్పేస్తే వినేవాళ్లకూ ఇబ్బంది ఉండదు. సాకులు, సంజాయిషీలు మొదలుపెడితేనే అనుమానం వస్తుంది.

ఆఫర్ వచ్చాక

ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టిన వారంలోనే జాబితాలో సాయం చేసిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా రాయండి. ఉద్యోగం దొరికింది ఇంకొకరి ద్వారా అయినా సరే. వాళ్ల మాటల్లో మీకు ఏది పనికొచ్చిందో ఒక్క వాక్యం చేర్చండి. ఏరు దాటాక తెప్ప తగలేసే రకమన్న పేరు ఒకసారి వస్తే మళ్లీ ఆ గుమ్మం తొక్కలేరు. ఇంకా నడుస్తున్న ఇంటర్వ్యూలు ఉంటే తప్పుకుంటున్నానని వాళ్లకూ, రిఫర్ చేసినవాళ్లకూ ఒకేరోజు చెప్పండి.

కొత్త చోట కుదురుకున్న కొన్ని నెలలకే మీ ఇన్‌బాక్సులోకి కూడా “హాయ్, జాబ్ కావాలి” మెసేజ్‌లు రావడం మొదలవుతుంది. అన్నిటికీ సాయం చేయలేరు. జాబ్ లింకు, రెజ్యూమె, మూడు వాక్యాలు పంపమని జవాబివ్వండి. నిజంగా కావాల్సినవాళ్లు ఆ సాయంత్రానికే పంపుతారు. పని తెలియనివాళ్లయితే “సిస్టమ్‌లో పెడతాను, పూచీ మాత్రం ఉండలేను” అని ముందే చెప్పేయండి. కుదరకపోతే కుదరదని రాయండి, చూసి వదిలేయకండి.